ప్లాటుంది, చిట్టీ ఉంది, పాప సీటుకు డబ్బు లేదు

ప్రశ్న: మాది నల్లగొండ. ఇద్దరం ప్రైవేటు ఉద్యోగులం, జీతాలు కలిపి 62,000. పోయిన వారం హైదరాబాద్ నుంచి వస్తుంటే నార్కట్‌పల్లి దగ్గర డీసీఎం వచ్చి మా కారును వెనక నుంచి గుద్దింది. డిక్కీ, ఎడమ వైపు వెనక డోరు నొక్కుకుపోయాయి. కారును టోయింగ్ బండి మీద షెడ్డుకు తెచ్చాం. ఆ డోరు పక్కనే కార్ సీటులో మా రెండున్నరేళ్ల పాప ఉంది. దేవుడి దయ, ఏమీ కాలేదు. కారుకు ఇన్సూరెన్స్ ఉంది, పాప సీటుకు మాత్రం రాదంటున్నారు. సీటు చూడటానికి బాగానే ఉంది. మా ఆయన కొత్తది కొందామంటారు, అదే రకం 14,000. అకౌంట్లో ఉన్నది 9,000. ఒక యాప్‌లో 15,000 లోను వెంటనే ఇస్తామంటున్నారు, చార్జీలు పోను 12,600 చేతికొస్తాయి, నెలకు 5,900 చొప్పున మూడు నెలలు కట్టాలి. తెలిసినాయన ఒకరు వాడిన సీటు 3,000కు ఇస్తానన్నాడు. మా నెలవారీ కట్టుబళ్లు: అద్దె 8,500, కారు ఈఎంఐ 11,200, ప్లాటు కిస్తీ 12,000 (నెల తప్పితే 500 ఫైన్), రెండు లక్షల చిట్టీ 10,000 (ఇంకా ఎనిమిది నెలలు), నగల దుకాణం స్కీము 3,000 (ఇంకా నాలుగు నెలలు). ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు పాపకు ఏమీ కానందుకు సంతోషం. సీటు విషయంలో మీ ఆయన మాటే సరైనది. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ చెప్పేదాని ప్రకారం, యాక్సిడెంటు తర్వాత పాత సీటు వాడుకోవాలంటే ఐదు విషయాలూ కలిసి రావాలి: కారు నడుపుకుంటూ తీసుకెళ్లే స్థితిలో ఉండాలి, సీటుకు దగ్గరి డోరు దెబ్బతినకూడదు, కార్లో ఎవరికీ గాయాలు కాకూడదు, ఎయిర్‌బ్యాగులు తెరుచుకోకూడదు, సీటు మీద కనిపించే దెబ్బ ఉండకూడదు. మీకు మొదటి రెండూ తప్పాయి. గుద్దిన ఊపును ఆ సీటు ప్లాస్టిక్, లోపలి ఫోమ్, బెల్టులు ఒకసారి మోశాయి. పైగుడ్డ తీసి, బెల్టు దూరే చోట ప్లాస్టిక్‌ను వెలుతురులో చూడండి, ఒక్కోసారి వెంట్రుకవాసి తెల్లటి గీత కనిపిస్తుంది. కనిపించకపోయినా మార్చాల్సిందే. మూడు వేల సీటు అసలు వద్దు. అది ఏ యాక్సిడెంటు చూసి వచ్చిందో మీకెలా తెలుస్తుంది?

అయితే మీ ఉత్తరాన్ని నేను ఎంచుకున్నది సీటు కోసం కాదు. మీరు చిట్టీ, ప్లాటు, బంగారం కింద నెలకు 25,000 పక్కన పెడుతున్నారు. 62,000 జీతంలో అంత పొదుపు చేయడం మామూలు విషయం కాదు. కానీ ఒక డీసీఎం గుద్దేసరికి ఇంట్లో 14,000 లేవు. మహబూబ్‌నగర్‌లో నా టేబుల్ ముందు కూర్చునే వాళ్లలో సగం మంది కథ ఇదే. పైసలన్నీ భూమిలోనో చిట్టీలోనో మెడలోనో ఉంటాయి, అవసరం పడ్డ రోజు చేతికి రావు. అప్పుడు ఫోన్లో యాప్ కనిపిస్తుంది.

ఆ యాప్ లెక్క ఒకసారి చూద్దాం. చేతికి 12,600, కట్టేది 17,700. మూడు నెలలకు 5,100 అదనం. నెల నెలా అసలు తగ్గుతూ పోతుంది కాబట్టి మన ఊళ్ల లెక్కలో నెలకు నూటికి 19 రూపాయల వడ్డీ పడుతోంది. మీ ఊర్లో ఎవరైనా నూటికి ఐదు రూపాయలు అడిగితే ఆ మనిషి గడప తొక్కరు కదా? యాప్ లోను ఇచ్చేవాళ్లు మొత్తం ఖర్చును ఏడాది రేటుగా లెక్కగట్టి ముందే కాగితం మీద చూపాలని 2022 సెప్టెంబరులో ఆర్‌బీఐ చెప్పింది. మీకు ఆ కాగితం చూపారా? అయినా కారే ఇంకా షెడ్డులో ఉంది తల్లీ. యాప్ వాళ్ల ‘వెంటనే’ మీకెందుకు? దయచేసి ఈ లోను తీసుకోకండి.

ఇంకో బిల్లు మీ లెక్కలో లేదు. ఇన్సూరెన్స్ ఉందన్నా కారు ఉచితంగా బయటికి రాదు. తప్పనిసరిగా మీరు భరించాల్సిన మొత్తం 1500 సీసీ లోపు కారుకు 1,000, ఆ పైన 2,000. జీరో డిప్రిసియేషన్ (భాగాల పాతదనం కింద కోత పెట్టకుండా ఇచ్చే అదనపు కవరు) తీసుకోకపోతే బంపర్ లాంటి ప్లాస్టిక్ భాగాల ధరలో సగం మీ మీదే పడుతుంది. క్లెయిమ్ చేశారు కాబట్టి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కూడా పోయి రెన్యువల్ ప్రీమియం పెరుగుతుంది. అందుకే అకౌంట్లోని 9,000 ముట్టుకోకండి, అవి షెడ్డు బిల్లుకు.

సీటుకు ఈ నెల ప్లాటు కిస్తీ ఆపండి. ఆ ఒక్క కిస్తీని చివరికి జరపమని వెంచర్ వాళ్లను అడిగి, ఒప్పుకుంటే కాగితం మీద రాయించుకోండి. ఒప్పుకోకపోతే ఒక కిస్తీ వెనక నడుస్తారు. చిట్టీ చేతికొచ్చేదాకా ఎనిమిది నెలలూ ఫైన్ పడినా 4,000. యాప్ కంటే అదీ తక్కువే. చేతిలో ఉండే 12,000తో సీటు కొనండి. అదే రకం 14,000ది కావాలని లేదు. పిల్లల సీట్ల భద్రతా ప్రమాణాలైన ఈసీఈ ఆర్44/04 లేదా ఆర్129 గుర్తు ఉందా, పాప బరువుకు, ఎత్తుకు సరిపోతుందా చూడండి, తొమ్మిది పదివేలకు కూడా దొరుకుతున్నాయి. మిగిలినవి అకౌంట్లోనే ఉంచండి. సీటు వచ్చేదాకా హైదరాబాద్ పోవాల్సి వస్తే ఆర్టీసీ బస్సెక్కండి. కార్లో పాపను ఒళ్లో పెట్టుకుని మాత్రం పోకండి. గుద్దినప్పుడు ఏ తల్లి చేతులూ బిడ్డను ఆపలేవు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను బెల్టు గానీ సీటు గానీ లేకుండా తీసుకెళ్తే చట్టప్రకారం 1,000 జరిమానా కూడా ఉంది.

ఇక అసలు పని, అత్యవసర నిధి. అద్దె, కారు ఈఎంఐ, ఇంటి ఖర్చుకు మిగిలే 17,300 కలిపితే నెలకు 37,000. ఆరు నెలలకు 2,22,000. మీ చిట్టీ దాదాపు అంతే. కాబట్టి దాన్ని మధ్యలో పాడొద్దు, చివర్లో వచ్చిన డబ్బు రెండో ప్లాటుకో హారానికో పోనివ్వొద్దు. అందులో ఆగిన కిస్తీ తీర్చి, మిగిలింది ఎఫ్‌డీగానో లిక్విడ్ ఫండ్‌గానో (అవసరమైనప్పుడు త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) మీ ఇద్దరి పేరు మీద పెట్టండి. నగల స్కీము నాలుగు నెలలే ఉంది, అయిపోనివ్వండి. మళ్లీ కొత్తది మాత్రం వేయకండి. ఆ 3,000ను వేరే బ్యాంకులో, ఏటీఎం కార్డు తీసుకోని ఖాతాలో వేయండి. ఈ నిధి నిండేదాకా కొత్త ప్లాటు మాట ఎవరెత్తినా, అన్నయ్య ఎత్తినా, వద్దని చెప్పండి.

డీసీఎం ఇన్సూరెన్స్ మీద ఆస్తి నష్టం కింద సీటు ధర కూడా అడగొచ్చు, దానికి ఎఫ్ఐఆర్, యాక్సిడెంటు కేసులు చూసే ట్రైబ్యునల్ కావాలి, టైం పడుతుంది. మీ పాలసీలో కార్లోని వ్యక్తిగత వస్తువులకు యాడ్ ఆన్ (అదనపు కవరు) ఉందేమో ఈ రోజే చూసుకోండి, నష్టం లెక్కగట్టే సర్వేయర్ రిపోర్టు రాయకముందే చెప్పాలి. పాత సీటును, కొన్నప్పటి బిల్లును, ఫొటోలను క్లెయిమ్ తేలేదాకా దాచండి. తేలాక సీటు బెల్టులు కత్తెరతో కత్తిరించి, వెనక ప్లాస్టిక్ మీద మార్కర్‌తో ‘యాక్సిడెంటులో పాడైంది’ అని పెద్దగా రాసి పాత సామాను వాళ్లకు ఇవ్వండి. ఇంకో తల్లి దాన్ని మూడు వేలకు కొనకూడదు.