300 మీటర్లకు మారుతున్న మా అమ్మాయికి

చిరంజీవి తల్లికి,

పెదనాన్న ఆశీస్సులు. బోర్లా పడుకుని రైఫిల్ కాల్చే 50 మీటర్ల ప్రోన్ పోటీ వదిలి, పెద్ద తూటాలు కాల్చే 300 మీటర్ల బిగ్ బోర్ రైఫిల్‌కు మారుతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు మనసు నిలవడం లేదు. 1972 మ్యూనిక్ తర్వాత ఒలింపిక్స్‌లోనే లేని పోటీ దీనికెందుకని వాడి గొణుగుడు. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో అది ఆ తర్వాత కూడా సాగిందని వాడికి నచ్చజెప్పి, మన ఇంటి ఆడపిల్ల అంత దూరం గురిపెట్టబోతోందని వాకిట్లోకి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పుకున్నాను.

ఆ రాత్రే నీ చెవుల గురించి బెంగ పట్టుకుంది. పాయింట్ టూ టూ చిన్న తూటా చప్పుడుకు అలవాటుపడిన చెవి ఈ మోతకు ఆగదు. లోపల ప్లగ్గులు, పైన మఫ్‌లు, రెండూ ఉండాలి. మా రోజుల్లో దూదితో సరిపెట్టుకున్నాం. కుడి భుజానికి ఆనించి కాల్చేవాడికి గొట్టం మూతి వైపు ఉండేది ఎడమ చెవి కనుక, ఇప్పుడు మీ పెద్దమ్మ ఎడమ పక్క నుంచి పిలిస్తే నాకు వినపడదు. ఈ విషయంలో నా మాట కాదనకు.

ఇక షాట్ పుస్తకం సంగతి. తేదీ, వేళ, ఉష్ణోగ్రత, వెలుతురు, తూటాల లాట్ నంబరు, తుపాకి మీద గురిచూసే సైట్ అమరిక, గొట్టం శుభ్రం చేశాక అది ఎన్నో షాట్ అన్నది నువ్వు ఎలాగూ రాస్తావు. గాలి దగ్గర మాత్రం "కొంచెం" అని రాసి ఊరుకోకు, దిక్కూ వేగమూ రెండూ రాయి. ఈ టార్గెట్‌లో పది వలయం వ్యాసం 10 సెంటీమీటర్లు. సెకనుకు ఒక్క మీటరు వేగంతో అడ్డంగా వీచే గాలి తూటాను దాని రకాన్ని బట్టి నాలుగైదు సెంటీమీటర్లు పక్కకు నెడుతుంది, అంటే నడిమధ్య నుంచి వలయం అంచుదాకా తీసుకుపోతుందన్నమాట.

వీటన్నిటికంటే ముఖ్యమైనది కాల్, అంటే షాట్ ఎక్కడికి పోయి ఉండాలో నీ సొంత అంచనా. ట్రిగ్గర్ తెగిన క్షణంలో సైట్ ఎక్కడ ఉందో, మానిటర్ వైపు కన్ను తిప్పకముందే పుస్తకంలో పడాలి. ఎలక్ట్రానిక్ టార్గెట్ ప్రతి షాట్‌నూ మిల్లీమీటర్లతో సహా దాచిపెడుతుంది కదా, మళ్లీ రాయడం దేనికని నీ ఈడు పిల్లలు అంటున్నారని విన్నాను. తూటా ఎక్కడ తగిలిందో యంత్రానికి తెలుసు, నువ్వు ఎక్కడికి కాల్చావో దానికి తెలియదు. కాల్‌ను సున్నాతో, తగిలిన చోటును చుక్కతో గుర్తించి, రెంటినీ గీతతో కలుపు. గీతలు తలోవైపు పోతే నీ పట్టును చూసుకోవాలి. అన్నీ ఒకే వైపు పోతుంటే గాలినో, సైట్‌నో, తుపాకినో అనుమానించాలి.

పల్టన్ టీములో నాకు తమ్ముడిలాంటివాడు ఒకడుండేవాడు. అంత నిబ్బరంగా ఊపిరి బిగపట్టి కాల్చేవాణ్ణి నేను మళ్లీ చూడలేదు. అప్పుడప్పుడు అతని షాట్ కిందికి, ఎడమకు జారిపోయేది. "ట్రిగ్గర్ గుంజేశాను, ఇది లెక్కలోకి రాదు" అని దాన్ని పుస్తకంలో ఎక్కించేవాడు కాదు. పుస్తకం చూస్తే ముచ్చటేసేది, గ్రూప్, అంటే షాట్లన్నీ తగిలిన చోట్ల గుంపు, అరచేతిలో ఇమిడేది. ఆ పుస్తకాన్నే చూసి అతన్ని పోటీకి పంపారు. అక్కడ ప్రతి షాట్‌నూ లెక్కపెట్టారు. తిరిగొచ్చాక నెలల తరబడి ఖాళీ తుపాకితో వేలిని సాధన చేయించాడు, రాత్రిళ్లు బ్యారక్‌లో ఆ క్లిక్ క్లిక్ మాకు వినబడుతూనే ఉండేది. చివరికి తుపాకులు బాగుచేసే ఆర్మరర్ స్టాక్, అంటే తుపాకి దిమ్మె, విప్పి చూస్తే, యాక్షన్‌ను, అంటే తూటా పేల్చే యంత్రభాగాన్ని, దానికి పట్టి ఉంచే ముందు మర వదులైపోయి ఉంది. పోయిన షాట్లన్నీ కాల్‌తో సహా రాసి ఉంటే, కాల్ మధ్యలో ఉన్నా దెబ్బ ప్రతిసారీ ఒకే మూలకు పోతోందని నెల తిరగకముందే తెలిసేది. మర బిగించారు గానీ అతనికి తన వేలి మీద నమ్మకం తిరిగి రాలేదు, టీము వదిలేశాడు. అందుకే చెబుతున్నాను తల్లీ, నీకు సిగ్గనిపించిన షాట్‌ను ముందు రాయి. అది నీ తప్పో కాదో తేలేవరకు నిన్ను నువ్వు తిట్టుకోకు.

మూడు షాట్లు ఒకదాన్నొకటి తాకాయని మురిసిపోవద్దు, పదేసి షాట్ల గ్రూపులనే నమ్ము. సైట్ మీద రాసి ఉన్న క్లిక్ విలువనూ, అంటే దాని మరను ఒక్క మెట్టు తిప్పితే గురి ఎంత జరుగుతుందన్న లెక్కనూ, పరీక్షించకుండా నమ్మవద్దు. 300 మీటర్ల దగ్గర ఒక మినిట్ కోణం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, 8.7 సెంటీమీటర్లు, కాబట్టి పావు మినిట్ క్లిక్కులు పది తిప్పితే గ్రూప్ దాదాపు 22 సెంటీమీటర్లు జరగాలి. గాలి నిలిచిన ఉదయం ఐదు షాట్లు కాల్చి, పది క్లిక్కులు పైకి తిప్పి ఐదు, మళ్లీ పది కిందికి తిప్పి ఐదు కాల్చు. గ్రూపుల నడిమధ్యల దూరాన్ని కొలువు. మూడో గ్రూప్ మొదటిదాని మీదికి రాకపోతే ఆ సైట్‌తో పోటీకి వెళ్లకు. ఇదంతా మరో రోజు మళ్లీ చేసి చూడు, ఒక్కరోజు లెక్క రుజువు కాదు.

ఒక్క మాట మరిచాను. పెన్సిల్ చేతిలోకి తీసుకునే ముందు తూటా గదిని మూసే బోల్ట్ తెరిచి ఉండాలి, ప్రతి షాట్‌కూ అంతే. రాసే ధ్యాసలో పడి గుండు నింపి ఉన్న తుపాకిని పక్కన పెట్టుకుని కూర్చున్నవాళ్లను చూశాను, తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మొదటి నెల పేజీలు ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపు, కొట్టివేతలతో సహా, సాపు రాయకుండా. నేను చూసి ఫోన్ చేసేదాకా సైట్ కదపకు.

ఆశీస్సులతో,
పెదనాన్న