చుక్కల తరువాతి పని

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ తొలి ప్రతినీ, తిరగరాసిన ప్రతినీ పక్కపక్కన పెట్టుకుని చదివాను. వాక్యాలు నునుపు తేలాయి. కానీ ఇల్లు అమ్మకం పత్రం మీద తమ్ముడు సంతకం పెట్టే ఘట్టంలో, ఎదురుగా నిలబడ్డ అన్న ముఖం నాకు రెండు ప్రతుల్లోనూ కనిపించలేదు. అందుకే ఒక బొమ్మ గురించి రాస్తున్నాను.

ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో, ఇటలీ చిత్రకారుడు రాఫెల్ 1519–20 ప్రాంతంలో నల్లసుద్దతో గీసిన కాగితం ఒకటి ఉంది. అర మీటరు ఎత్తున్న ఆ కాగితంలో ఉన్నవి ఇద్దరు అపొస్తలుల, అంటే క్రీస్తు ముఖ్య శిష్యుల, తలలు, చేతులు మాత్రమే. ఒకరు యువకుడు, మరొకరు గడ్డం ఉన్న వృద్ధుడు. కాథలిక్ మతపెద్ద కార్డినల్ జూలియో దె మెదిచి ఫ్రాన్స్‌లోని నార్బోన్ కెథెడ్రల్ కోసం వేయించిన ‘రూపాంతరం’ అనే బలిపీఠ చిత్రానికి ఇది సన్నాహం. నాలుగు మీటర్ల ఆ చిత్రంలో కొండపైన మోషే, ఏలీయాల నడుమ క్రీస్తు వెలుగుతుంటాడు. కింద చాంద్రరోగియైన, అంటే మూర్ఛలు వచ్చే, బాలుణ్ణి స్వస్థపరచలేక శిష్యులు తల్లడిల్లుతుంటారు. ఈ ఇద్దరూ ఆ కింది గుంపులోనివారే.

ఇది తొలి ఆలోచన కాదు, కూర్పంతా తేలిన తరువాత గీసినది. పూర్తి పరిమాణపు నమూనా గీతల వెంట సూదితో రంధ్రాలు పొడిచి, పైన బొగ్గుపొడి అద్దితే, కింది కాగితం మీద చుక్కలు పడతాయి. మన మగ్గం వర్క్ చేసేవారు ట్రేసింగ్ పేపరు మీది డిజైనును జాకెట్టు గుడ్డ మీదికి దించే పద్ధతి కూడా ఇటువంటిదే. ఆ చుక్కలు ఈ కాగితం మీద ఇప్పటికీ కనిపిస్తాయి. అయితే చుక్క చెప్పగలిగేది అంచును మాత్రమే. వేలు ఎటు వంగిందో అది చెబుతుంది గానీ, వృద్ధుడి నుదుటి మీద నీడ ఎంత చిక్కగా ఉండాలో, యువకుడి కనురెప్ప ఎంత బరువుగా వాలాలో చెప్పలేదు. వాటి కోసమే రాఫెల్ మళ్ళీ సుద్ద పట్టాడు. అదే కార్డినల్ కోసం పోటీగా మరో చిత్రకారుడు సెబాస్టియానో దెల్ పియోంబో వేసిన, చనిపోయిన లాజరును క్రీస్తు బ్రతికించే చిత్రం 1519లోనే పూర్తయింది. అంతటి ఒత్తిడిలోనూ ఈ పనిని రాఫెల్ వదులుకోలేదు.

నీవు కథనంతా మొదటి వాక్యం నుంచి దిద్దుకుంటూ వచ్చావు. అలా చేసినప్పుడు శ్రద్ధ అంతటా పలచగా పరుచుకుంటుంది. ఆ ఒక్క ఘట్టాన్ని వేరే కాగితం మీదికి దించు. ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఎవరు ముందు మాట్లాడారో, ఆ చుక్కలను కదపకు. అన్న ముఖాన్నీ, పెన్ను అందించే అతని చేతినీ మాత్రమే చూడు. కథలో పట్టేంత నిడివిలోనే రాయి. రాఫెల్ ఆ తలలను చిత్రంలో ఉండబోయే కొలతలోనే గీశాడు. మూడు పేజీలు రాసి తరువాత కుదిస్తే, కుదింపులో మొదట పోయేది ఆ కనురెప్పే. నా కథల్లో అలా పోగొట్టుకున్నవి ఉన్నాయి, ఇప్పటికీ బాధపడతాను.

సంక్రాంతిలోగా ఆ ఘట్టం ఒక్కటే పంపు. మిగిలిన కథ ఇప్పుడు వద్దు.