‘108’ అని చెప్పగలిగితే చాలా? అమ్మమ్మతో ఉండే బాబుకు ఎమర్జెన్సీ ఫోన్ నేర్పడం ఎలా?

ప్రశ్న: మా బాబుకు 13 ఏళ్లు. మేధో ఎదుగుదల లోపం ఉంది. రెండు మూడు పదాలు కలిపి మాట్లాడతాడు, అంకెలు గుర్తుపడతాడు, ఫోన్‌లో పాటలు తనే పెట్టుకుంటాడు. భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రం) నుంచి వచ్చాక సాయంత్రం దాకా మా అమ్మ దగ్గర ఉంటాడు. అమ్మ ఇన్సులిన్ వేసుకుంటుంది. రెండు నెలల కిందట షుగర్ డౌన్ అయి సోఫా పక్కన పడిపోతే వీడు అక్కడే కూర్చుని టీవీ చూస్తున్నాడు. అప్పటి నుంచి రోజూ చెబుతున్నాం. ‘అమ్మమ్మ పడిపోతే ఏం చేయాలి?’ అంటే ‘108’ అంటాడు. అవసరమొస్తే నిజంగా చేస్తాడా?
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: ఇప్పుడు నేర్పుతున్న పద్ధతిలో అయితే చేయకపోవచ్చు. మీరు ప్రశ్న అడిగితే జవాబు చెప్పడం బాబు నేర్చుకున్నాడు. ఆ రోజు అడిగేవాళ్లు ఇంట్లో ఉండరు కదా. కాబట్టి నేర్పాల్సింది జవాబు కాదు. కింద పడి ఉన్న అమ్మమ్మను చూడగానే, ఎవరూ చెప్పకుండా కదలడం.

‘ప్రమాదం’, ‘అత్యవసరం’ లాంటి మాటలు పక్కన పెట్టండి. కంటికి కనిపించే ఒక్క గుర్తు చాలు: పిలిస్తే పలకదు, తడితే కళ్లు తెరవదు. బాబు దగ్గరికెళ్లి ‘అమ్మమ్మా’ అని మూడుసార్లు గట్టిగా పిలవాలి, భుజం తట్టాలి. అప్పటికీ కళ్లు తెరవకపోతే ఫోన్. మీ అమ్మగారినే నటించమనండి. పదిసార్లు చేస్తే అయిదుసార్లు పలకకుండా ఉండాలి, మిగతా అయిదుసార్లు రెండో పిలుపుకో, తట్టగానేనో లేచి ‘ఏంట్రా?’ అనాలి. ఈ రెండో సగం చాలామంది వదిలేస్తారు. అప్పుడు పిల్లాడికి ‘పడుకుంటే ఫోన్ చేయాలి’ అని అర్థమై, మధ్యాహ్నం కునుకు తీసినా అంబులెన్స్‌ని పిలుస్తాడు. సోఫా దగ్గరే కాక వంటగదిలో, వరండాలో, బాత్రూమ్ గుమ్మం దగ్గర కూడా చేయించండి. ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట తట్టకపోవడం ఈ పిల్లల్లో మామూలే.

ఇక నంబరు. బాబు ‘నూట ఎనిమిది’ అంటున్నాడేమో గమనించండి. ఫోన్‌లో ఆ పేరుతో మీట ఉండదు, ఒకటి, సున్నా, ఎనిమిది మాత్రమే ఉంటాయి. నా సలహా అయితే ఒక్క 112 నేర్పండి. పోలీసు, ఫైర్, అంబులెన్స్ మూడింటికీ అదే నంబరు కాబట్టి దేనికి చేయాలో బాబు తేల్చుకోనక్కర్లేదు. ‘ఒకటి, ఒకటి, రెండు’ అని విడివిడిగా పలికించండి.

ఇంట్లో ఒక ఫోన్‌ను లాక్ లేకుండా, ఎప్పుడూ ఒకే చోట, చార్జింగ్‌లో ఉంచండి. హోమ్ స్క్రీన్ మీద అంబులెన్స్ బొమ్మతో ఒక కాంటాక్ట్ షార్ట్‌కట్ పెట్టండి. నేర్పేటప్పుడు దాని వెనక మీ రెండో నంబరు ఉంచి, అవతల మీరో మీ వారో ఎత్తి ఆపరేటర్‌లా మాట్లాడాలి. పక్కాగా వచ్చాక 112గా మార్చండి. కొన్ని ఫోన్లలో ఎమర్జెన్సీ నంబరైతే బొమ్మ నొక్కాక పచ్చ బటన్ కూడా నొక్కాల్సి వస్తుంది. బాబు అక్కడే ఆగిపోకుండా బొమ్మ, పచ్చ బటన్ రెండూ నేర్పండి. సిమ్ తీసేసిన ఫోన్ ఇచ్చి 112 నొక్కించడం మాత్రం వద్దు, సిమ్ లేకపోయినా కాల్ వెళ్లే అవకాశం ఉంది. పొరపాటున వెళితే కట్ చేయకండి, పొరపాటని చెప్పి పెట్టేయండి. ఫోన్ ముట్టుకుంటే ఇంతకుముందు కోప్పడి ఉంటే, ఈ ఫోన్‌కి ఆ నియమం లేదని చేతల్లో చూపించాలి. తిడతారన్న భయంతో ఆగిపోయే పిల్లలు ఉంటారు.

మాట్లాడటానికి ఫోన్ పక్కనే గోడకు ఒక కార్డు అంటించండి. చదవలేకపోతే బొమ్మలు గీసి మూడు ముక్కలు కంఠతా పట్టించండి: ‘అమ్మమ్మ లేవట్లేదు’, వీధి పేరు, దగ్గర్లోని గుర్తు. స్పీకర్ ఆన్ చేయడం, పెట్టేయమనేదాకా పెట్టేయకపోవడం కూడా ఆటలో భాగమే. అంబులెన్స్ సిబ్బంది దారి అడగడానికి తిరిగి ఫోన్ చేస్తారు. ‘తెలియని నంబర్ ఎత్తొద్దు’ అని నేర్పి ఉంటే ఈ ఒక్క సందర్భాన్ని విడిగా ప్రాక్టీస్ చేయించండి. ఆ తర్వాత తలుపు గడియ తీసి పక్కింటివాళ్ల బెల్ కొట్టాలి. మాటలు తక్కువున్న బాబుకు ఈ బెల్ చాలా ముఖ్యం, మిగతా వివరాలు వాళ్లు చెబుతారు.

సాయం తగ్గించే తీరులోనే అసలు కిటుకు ఉంది. మొదట మీరు చేసి చూపించండి. తర్వాత చేయి పట్టి, ఆ తర్వాత వేలితో చూపి, చివరికి అయిదు సెకన్లు ఏమీ అనకుండా ఆగండి. ‘ఇప్పుడేం చేయాలి?’ అనకండి, ఆ ప్రశ్న కూడా సాయమే. ఫోన్ వైపు మీరు చూసే చూపు కూడా! రోజుకు పది నిమిషాలు చాలు. వరసగా మూడు రోజులు, వేర్వేరు గదుల్లో, సాయం లేకుండా చేస్తే వచ్చినట్టు. ఆ తర్వాత నెలకోసారి, బొమ్మ వెనక మళ్లీ మీ నంబరు పెట్టి, చెప్పకుండా పరీక్షించండి, లేకపోతే మరిచిపోతాడు. భవిత టీచర్‌కి ఇదే వరస రాసిస్తే అక్కడా చేయిస్తారు.

పొగ, మంట, గ్యాస్ వాసన వస్తే క్రమం మారుతుంది. ముందు బయటికి, ఫోన్ ఆ తర్వాతే. ఫోన్ కోసం లోపల వెతకకూడదు, గ్యాస్ వాసనకు స్విచ్ ముట్టకూడదు. మొదటిది పక్కాగా వచ్చాకే దీన్ని మొదలుపెట్టండి, రెండూ ఒకేసారి నేర్పితే కలగాపులగం అవుతాయి.

స్పృహ లేని అమ్మమ్మ నోట్లో చక్కెర, నీళ్లు పోయకూడదని బాబుకే కాదు, పక్కింటివాళ్లకూ చెప్పండి. ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇన్సులిన్ వేసుకున్నాక భోజనం ఆలస్యమవుతోందా, మధ్యాహ్నం షుగర్ 70 కంటే తగ్గుతోందా అన్నది వారం రోజులు గ్లూకోమీటర్‌తో చూసి, ఆ రీడింగులతో అమ్మగారి డాక్టర్‌ను కలవండి. డోసు మార్చాల్సి రావచ్చు.