పడమటి ముఖం బిల్డింగుకు ఎలివేషన్: గ్లాసా, ఏసీపీనా, రాయా?

గుంటూరు లక్ష్మీపురంలో కింద షాపులు, పైన మూడంతస్తుల ఆఫీసులు కడుతున్నామన్నారు. ముఖం పడమర, కాంట్రాక్టరు ముందంతా గ్లాసే వేద్దామంటున్నాడు, ఏం చేయమంటారని అడిగారు. విజయవాడలో బందరు రోడ్డుకు దగ్గర్లో మా కుటుంబానికీ ఇలాంటి పడమటి ముఖం బిల్డింగే ఉంది. అద్దెలు, రిపేర్లు నేనే చూసుకుంటాను. నా మాట సూటిగా చెబుతాను: పడమటి గోడకు పైనుంచి కింది దాకా గ్లాసు వద్దు.

మా పక్క బిల్డింగుకు ముందంతా నీలం రిఫ్లెక్టివ్ గ్లాసు. మధ్యాహ్నం మూడయ్యేసరికి అక్కడి ఆఫీసుల్లో బ్లైండ్లన్నీ దించేసి, లైట్లు వేసుకుని పనిచేస్తారు. బ్లైండు ఉండేది అద్దానికి లోపల కాబట్టి, ఎండ దాన్ని తాకేసరికే వేడి గదిలోకి వచ్చేసినట్టు. ఏసీకి ఎంత పెద్ద బిల్లు కట్టినా అద్దం పక్క సీట్లలో కూర్చునేవాళ్లకు ఆ ఉక్క తగ్గదు. మన మే నెల సంగతి మీకు తెలియంది కాదు.

ఎండను గోడ బయటే ఆపాలి. పడమరకు సన్‌షేడ్ ఒక్కటే చాలదు, పొద్దు వాలేకొద్దీ ఎండ దాని కిందినుంచి వచ్చేస్తుంది. మేం ఇటుక గోడే ఉంచి, కిటికీలు అవసరమైనంతే పెట్టి, వాటి ముందు కాస్త పక్కకు తిప్పిన నిలువు ఫిన్లు (ఎండను అడ్డుకునే సన్నటి పలకలు) బిగించాం. ఫిన్ల బదులు కిటికీకి అడుగు ఎడంగా టెర్రకోట జాలీ కట్టినా బాగుంటుంది, గాలీ ఆడుతుంది. గ్లాసు ఎక్కడ వాడినా డబుల్ గ్లేజింగ్ లో-ఈ, అంటే రెండు అద్దాల మధ్య ఖాళీ ఉండి, వేడిని తిప్పికొట్టే పల్చటి పూత ఉన్నది తీసుకోండి. షాపువాడు రంగుల శాంపిళ్లు చూపిస్తాడు, మీరు మాత్రం ఎస్‌హెచ్‌జీసీ ఎంతో అడగండి. ఆ అంకె తగ్గేకొద్దీ లోపలికి వచ్చే ఎండ వేడి తగ్గుతుంది. బిల్డింగుల్లో కరెంటు ఆదా కోసం రాసిన 2017 నాటి ఈసీబీసీ కోడ్ మన వాతావరణంలో ఉత్తరం కాని దిక్కులకు 0.27 దాటవద్దంటుంది, మొత్తం గోడలో గ్లాసు 40 శాతం మించవద్దంటుంది. అది పెద్ద కమర్షియల్ బిల్డింగుల కోసం రాసిందే అయినా మీకూ మంచి కొలతే.

ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్) తీసుకుంటే అసలు చూడాల్సింది రెండు అల్యూమినియం రేకుల మధ్య ఉండే కోర్. 2017 జూన్‌లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మంది చనిపోయారు. మంటలు అంత వేగంగా పైకి పాకడానికి ప్రధాన కారణం పాలిథిలిన్ కోర్ ఉన్న ఏసీపీ షీట్లే. కాబట్టి ఎఫ్ఆర్ (మంటను అడ్డుకునే) కోర్ మాత్రమే, టెస్ట్ సర్టిఫికెట్‌తో సహా. సైటుకు వచ్చిన లోడు నుంచే ఒక ముక్క కోయించి, రేకు ఊడదీసి, ఆరుబయట కోర్‌కు లైటర్ పెట్టి చూడండి. మండుతూ బొట్లు బొట్లుగా కారిందంటే లోడంతా వెనక్కి పంపేయండి. షీటుకూ గోడకూ మధ్య ఖాళీ మంటల్లో పొగగొట్టంలా పనిచేస్తుంది, అందుకే ప్రతి అంతస్తు దగ్గరా ఫైర్ బారియర్ పెట్టించాలి. ఇది కొటేషన్‌లో విడిగా రాయించకపోతే ఎవరూ పెట్టరు. పైన పూత పీవీడీఎఫ్ అయితే మన ఎండకు రంగు ఆగుతుంది.

రాయి నాకు ఇష్టమే, అదీ మాచర్ల రాయి దగ్గర్లోనే దొరుకుతుంది. కాకపోతే సిమెంటుతో అతికించేది గ్రౌండ్ ఫ్లోర్ వరకే ఉంచండి. ఎండకూ వానకూ రాయి, సిమెంటు ఒకేలా సాగవు, ముడుచుకోవు. కొన్నేళ్లకు వేలి కణుపుతో కొడితే డొల్ల శబ్దం వస్తుంది, ఆ పలక ఊడటానికి సిద్ధంగా ఉన్నట్టే. కింద షాపుకు వచ్చే జనం తిరుగుతుంటారు. పై అంతస్తుల్లో రాయి కావాలనుకుంటే సిమెంటు లేకుండా స్టెయిన్‌లెస్ స్టీల్ క్లాంపులతో బిగించే డ్రై క్లాడింగే చేయించండి. పక్క గోడలకు, వెనక గోడకు మంచి ఎక్స్‌టీరియర్ పెయింటు చాలు.

షీటు ఏదైనా దాన్ని మోసేది ఫ్రేమే. బిల్డింగుల మీద పడే భారాలకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 875లో విజయవాడకు గాలి వేగం సెకనుకు 50 మీటర్లుగా లెక్క ఇచ్చారు, తుపాన్లు మనకు కొత్త కాదు. ఫ్రేము, యాంకర్ల దూరం స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్కగట్టి సంతకం చేయాలి, ఫ్యాబ్రికేటరు కంటి అంచనాకు వదలకండి.

ఏసీ అవుట్‌డోర్ యూనిట్లకూ, అద్దెకు వచ్చేవాళ్ల బోర్డులకూ చోటు డ్రాయింగులోనే పెట్టించండి. లేకపోతే వాళ్లు వచ్చి షీటుకు ఇష్టమొచ్చినట్టు కన్నాలు వేస్తారు, అక్కడినుంచే నీళ్లు దిగుతాయి. పరంజా విప్పకముందే గట్టి ప్రెషర్‌తో పైపు పెట్టి జాయింట్లన్నీ తడిపి, లోపల గోడలు చూసుకోండి. ఆ టెస్టు అయ్యేదాకా చివరి పేమెంటు ఆపుకుంటామని అగ్రిమెంటులో ముందే రాయించుకోండి.