రికార్డుల పెట్టె: జెప్పెలిన్ కచేరీ, పాతదీ కొత్తదీ

ప్ర: మా బాబాయి దగ్గర ఇంగ్లండ్ రాక్ బృందం లెడ్ జెప్పెలిన్ వాళ్ళ ‘ద సాంగ్ రిమెయిన్స్ ద సేమ్’ పాత డబుల్ ఎల్పీ (రెండు రికార్డుల సెట్) ఉంది. 2018లో మళ్ళీ వేసిన నాలుగు రికార్డుల సెట్ నేను కొన్నాను. ఒకే కచేరీ కదా, పాటలూ నిడివీ ఎందుకు కలవవు? పైగా బాబాయి రికార్డు రెండో వైపు సౌండ్ కాస్త తగ్గినట్టుంటుంది. అరిగిపోయిందంటారా?
– ఒక పాఠకుడు, మలక్‌పేట

జ: ‘ఒకే కచేరీ’ అన్నారే, తిరకాసంతా అక్కడే ఉంది. న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 1973 జులై 27, 28, 29 తేదీల్లో వరసగా మూడు రాత్రులు వాయించారు. ఆ రాత్రుల టేపుల్లో నచ్చిన ముక్కలు కోసి అతికించి, 1976లో సినిమాతోపాటు 9 పాటల ఎల్పీ తెచ్చారు. 2007లో మళ్ళీ ఆ టేపులే ముందేసుకుని, ఇంకో 6 పాటలు చేర్చి, మిక్సింగ్ (గొంతునీ వాద్యాలనీ తగిన పాళ్ళలో కలిపే పని) కొత్తగా చేయించారు. మీరు కొన్నది దానికే మరో మాస్టరింగ్, అంటే రికార్డు వేసే ముందు సౌండ్‌కి చివరిగా దిద్దే మెరుగు. ఏ ఒక్క రాత్రీ రెండింటిలోనూ పూర్తిగా లేదు. నాకైతే దీంతో పేచీ ఏమీ లేదు, వినడానికి బాగుంటే చాలు.

చేర్చిన ఆరింటిలో ‘సిన్స్ ఐవ్ బీన్ లవింగ్ యూ’ ఒక్కటి చాలు, మీ డబ్బు గిట్టుబాటైనట్టే. నింపాదిగా నడిచే బ్లూస్. జాన్ పాల్ జోన్స్ ఆర్గాన్ కింద సన్నగా పరుచుకుని ఉంటే, పైన జిమ్మీ పేజ్ గిటార్, రాబర్ట్ ప్లాంట్ గొంతు ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటాయి. సినిమాలో ఉన్న ఈ పాటని ఎల్పీలోంచి ఎందుకు తీసేశారో గానీ, అన్యాయం.

ఇక సౌండ్ సంగతి. పాత ఎల్పీ రెండో వైపంతా ‘డేజ్డ్ అండ్ కన్‌ఫ్యూజ్డ్’ ఒక్క పాటే, దాదాపు 27 నిమిషాలు. ఎల్పీ ఒక వైపు హాయిగా పట్టేది 20, 22 నిమిషాలు. అంతకు మించితే గాడి చుట్లు దగ్గరగా జరపాలి. సౌండ్ పెద్దదైతే గాడి అటూ ఇటూ ఎక్కువ ఊగుతుంది, పక్క చుట్టుని తగులుకుంటుంది, సూది ఎగిరిపడుతుంది. అందుకని కట్ చేసేటప్పుడే సౌండ్ తగ్గిస్తారు. వాల్యూమ్ కొంచెం పెంచి చూడండి. మీ సెట్‌లో అదే పాట 29 నిమిషాలు, అదీ ఒకే వైపు!

బాబాయిగారి రికార్డు మాత్రం అమ్మనివ్వకండి. అటక మీద పేర్చకుండా నిలబెట్టి ఉంచమనండి. మన మే నెల ఎండకి వంగిపోయినవి ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద బోలెడు చూశాను.

ప్ర: అదే జెప్పెలిన్ ఎల్పీలోని ‘మోబీ డిక్’లో అంతసేపూ డ్రమ్సేనా? “వాడికి చేతులు నొప్పెట్టవుటే?” అని మా అమ్మ వంటింట్లోంచి అడుగుతోంది.
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జ: అమ్మగారి అనుమానం సబబే. బృందం డ్రమ్మర్ జాన్ బాన్‌హామ్ మధ్యలో కర్రలు పక్కన పడేసి ఉత్త చేతులతోనే వాయించేవాడు. మన కర్ణాటక కచేరీలో తని ఆవర్తనం (మృదంగం లాంటివి మాత్రమే వాయించే భాగం) జరుగుతుంటే గాయకుడు పక్కనే కూర్చుని తాళం వేస్తాడు. ఇక్కడ మిగతా ముగ్గురూ చక్కా వేదిక దిగిపోతారు. పాత ఎల్పీలో ఇది 12 నిమిషాల పైన. చాలకపోతే 1972 కాలిఫోర్నియా కచేరీల ‘హౌ ద వెస్ట్ వజ్ వన్’లో 19 నిమిషాలుంది. 2003లో వచ్చింది, 2018లో దాన్నీ మళ్ళీ వేశారు. అమ్మగారు గుడికెళ్ళినప్పుడు పెట్టుకోండి.