ఒసాకాలో ఒక ఆదివారం కోసం ఎఫ్‌డీ బ్రేక్ చేయాలా?

ప్రశ్న: ఆఫీసు పని మీద వారం రోజులు ఒసాకా వెళ్తున్నాను. టికెట్లు, హోటల్ కంపెనీదే. మధ్యలో ఒక ఆదివారం ఖాళీ, ఆ రోజు ఊరు చూసి, అక్కడి తిండి బాగా తిని రావాలని ఉంది. తెలిసినవాళ్లు కనీసం లక్ష రూపాయలు మార్చుకోమంటున్నారు. నా పొదుపంతా లక్షన్నర ఎఫ్‌డీ ఒక్కటే. బ్రేక్ చేయనా?

జవాబు: వద్దండీ. గడువుకు ముందే తీస్తే వడ్డీలో కోత పడుతుంది, అది చిన్న విషయం. రేపు ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే మీకున్న ఆసరా అదొక్కటే. పైగా ఒసాకాలో ఒక్క రోజులో లక్ష ఖర్చు చేయాలంటే పనిగట్టుకుని చేయాలి.

లెక్క వేద్దాం. యెన్‌ని 60 పైసలు అనుకోండి, కాస్త పైకే వేస్తున్నాను. శని, ఆదివారాల్లో 620 యెన్లకు మెట్రో డే పాస్ దొరుకుతుంది, నాలుగుసార్లు ఎక్కి దిగితే గిట్టుబాటే, కాకపోతే జేఆర్ (జపాన్ రైల్వేస్) రైళ్లలో అది చెల్లదు. పొద్దున్నే కోటకి వెళ్లండి. పైకి ఎక్కడానికి 1,200 యెన్లు, చుట్టూ ఉన్న పార్కు ఉచితం (నన్నడిగితే పార్కే బాగుంటుంది). మధ్యాహ్నం ఒకోనొమియాకి, అంటే క్యాబేజీ వేసిన మందపాటి అట్టు, 1,300 దాకా అవుతుంది. సాయంత్రం డోటన్‌బోరి కాలువ పక్కన తిరగడానికి టికెట్ లేదు, అక్కడే గుంతపొంగణాల పెనం లాంటి దాని మీద వేసే టకోయాకి 700 వరకు, అందులో ఉండేది ఆక్టోపస్ ముక్క. రాత్రి షిన్‌సెకాయ్ అనే పేటలో కుషికట్సు, అంటే పుల్లలకి గుచ్చి నూనెలో వేయించిన మాంసం, కూరగాయల ముక్కలు, 2,500 పెడితే పొట్ట నిండుతుంది. కొన్ని చోట్ల మీరు అడక్కుండానే చిన్న గిన్నెలో ఏదో పెట్టి 300, 400 బిల్లులో వేస్తారు, అది అక్కడి పద్ధతి, గొడవ పడొద్దు. టిప్ మాత్రం ఇవ్వక్కర్లేదు. టీ, నీళ్లు, టిఫిన్ అన్నీ కలిపినా 10,000 యెన్లు దాటదు, అంటే ఆరు వేల రూపాయలు, జీతంలోంచే వస్తుంది. కురోమోన్ మార్కెట్లో టూరిస్టుల కోసం పెట్టిన బీఫ్ పుల్లలు, పీతల జోలికి వెళ్తే మాత్రం ఈ లెక్క నాది కాదు. మీరు శాకాహారి అయితే ఉడాన్ (లావు నూడుల్స్) రసంలో కూడా చేప ఉంటుందని గుర్తుంచుకోండి.

డబ్బు కారిపోయేది తిండి దగ్గర కాదు, కార్డు దగ్గర. మామూలు క్రెడిట్ కార్డుకి 3.5 శాతం మార్కప్ (విదేశీ కరెన్సీలో కడితే బ్యాంకు వేసే అదనపు రుసుము), దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 4.13 శాతం పోయినట్టే. మార్కప్ లేని కార్డు ఉంటే అదే పట్టుకెళ్లండి. మెషిన్ మీద రూపాయల్లో కడతారా, యెన్లలోనా అని వస్తే ఎప్పుడూ యెన్లే నొక్కండి, రూపాయలంటే వాళ్లిష్టమొచ్చిన రేటు వేస్తారు. చిన్న బండ్ల కోసం 10,000 యెన్లు నగదు చాలు. 500 యెన్ల నాణెం అంటే దాదాపు మూడొందలు, చిల్లర అనుకుని జేబులో పడేయకండి, నాణేలను ఇక్కడికొచ్చాక మార్చేవాళ్లు దొరకరు.

షాపింగ్‌కి మీరెంత అనుకున్నారో రాయలేదు, లక్ష సలహా అక్కడినుంచే వచ్చిందని నా అనుమానం. ఇరవై వేలు దాటొద్దు, అదీ చేతిలో ఉంటేనే. పాస్‌పోర్టు వెంట ఉంచుకోండి, టాక్స్ ఫ్రీ షాపుల్లో 5,000 యెన్లు, ఆపైన కొంటే 10 శాతం పన్ను తగ్గుతుంది. 2026 నవంబరు 1న గానీ ఆ తర్వాత గానీ కొంటుంటే మాత్రం ముందు పన్నుతో సహా కట్టి, ఎయిర్‌పోర్టులో వెనక్కి తీసుకోవాలి.