తెల్లారేసరికి మింట్ మాయం

ప్రశ్న: సార్, కావలిలో మాది జిరాక్స్, డీటీపీ షాపు. పాత సిస్టమ్, విండోస్ 11 ఎక్కదన్నారు. మావాడొకడు విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేశాడు. ఆ రోజంతా బ్రహ్మాండంగా నడిచింది, రీస్టార్ట్ చేసినా వచ్చింది. రాత్రి మెయిన్ ఆపేసి ఇంటికి పోయాం. పొద్దున ‘రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్’ అంటోంది, మింట్ దొరకడం లేదన్నట్టు. మళ్లీ వేశాం, మర్నాడు మళ్లీ అదే. హార్డ్ డిస్క్ మార్చమంటున్నారు. మార్చాలా?

జవాబు: అప్పుడే డబ్బు తీయకండి. పాడైన డిస్క్ పగలంతా పనిచేసి, సరిగ్గా మీరు షాపు కట్టేశాక చచ్చిపోదు. మీ ఉత్తరంలో నాకు పట్టుబడ్డ మాట ‘మెయిన్ ఆపేసి’.

సిస్టమ్ ఆన్ చేసి డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కుతూ బయోస్‌లోకి, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల తెరలోకి, వెళ్లండి. ఏదీ కదపకుండా తేదీ చూడండి. ఎప్పటిదో పాత సంవత్సరం కనబడితే దొంగ దొరికినట్టే: మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీ అయిపోయింది. కరెంటున్నంతసేపూ బోర్డుకి ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే డబ్బా) నుంచి కొంచెం పవర్ అందుతుంటుంది, అందుకే రీస్టార్ట్‌కి ఇబ్బంది రాలేదు. మెయిన్ ఆపగానే పాత బోర్డులు సెట్టింగులన్నీ మర్చిపోతాయి. మీవాడు బూట్ మోడ్‌ని యూఈఎఫ్‌ఐలో (కొత్త పద్ధతి) పెట్టి మింట్ వేసుంటాడు, తెల్లారేసరికి ఆ సెట్టింగు లెగసీకి (పాత పద్ధతి) తిరిగిపోయి ఉంటుంది. మింట్ డిస్క్‌లోనే ఉంది, బోర్డు వెతికే చోటే మారింది.

ప్లగ్ పీకి, సీఆర్2032 బ్యాటరీ, 3 వోల్టులది, ప్లస్ గుర్తు పైకి ఉండేలా వేయండి. వాచీలు బాగుచేసే షాపులోనూ దొరుకుతుంది. తర్వాత బయోస్‌లో తేదీ సరిచేసి, బూట్ మోడ్ యూఈఎఫ్‌ఐ చేసి, సేవ్ కొట్టండి. బూట్ జాబితాలో మింట్ పేరు కోసం వెతక్కండి, అది ‘ఉబుంటు’ అని కనబడుతుంది. చాలామంది ఇక్కడే కంగారుపడి మూడోసారి ఇన్‌స్టాల్ మొదలుపెడతారు.

తేదీ సరిగ్గానే ఉంటే మాత్రం పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, మింట్‌లోని ‘డిస్క్స్’ ప్రోగ్రామ్‌లో స్మార్ట్ రిపోర్టు (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే చెప్పే లెక్క) చూడండి. అందులో డిస్క్ ఫెయిలవుతోందని వస్తే అప్పుడు మార్చండి.

అన్నట్టు, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగింది గనుక మీరు మారడం సబబే. కానీ పెళ్లి కార్డులన్నీ అను ఫాంట్లు, పేజ్‌మేకర్‌లోనే చేస్తుంటే, అవి లినక్స్ కోసం చేసినవి కావు గనుక మింట్‌లో తిప్పలు పడతారు. ఆ పనికి నెట్ పెట్టని విండోస్ సిస్టమ్ ఒకటి పక్కన ఉంచుకోండి.